పని పంచారు, నిర్ణయం పంచలేదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఒకచోట చేర్చాం. అన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కతోలిక పాఠశాలలకు సంబంధించినవే. పాఠశాల నాయకత్వాన్ని యాజమాన్యమూ ఉపాధ్యాయులూ కలిసి మోయాలని వీరందరూ ఒప్పుకుంటున్నారు, కానీ ఎవరు ఏది మోయాలో మాత్రం ఎవరి పాఠశాలలోనూ రాసి లేదు. రాసినవారి పేర్లను, పాఠశాలల పేర్లను తీసివేశాం.

ప్రశ్న: ఒక కతోలిక ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్నాను. రెండేళ్ల క్రితం నన్ను అకడమిక్ కోఆర్డినేటర్‌ని చేస్తూ, ఇకమీదట నాయకత్వంలో ఉపాధ్యాయులకూ భాగం ఉంటుందని యాజమాన్యం చెప్పింది. టైమ్‌టేబుల్, ప్రశ్నపత్రాలు, సెలవు పెట్టినవారి పీరియడ్ల సర్దుబాటు, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నీ నా మీదికి వచ్చాయి. నేను వేసిన టైమ్‌టేబుల్‌ను, యాజమాన్యం తరఫున పాఠశాల నడిపే కరస్పాండెంట్ ఫాదర్ గారు ఒక్క మాటతో మార్చేస్తారు, ఆ మార్పును తోటి ఉపాధ్యాయులకు నేనే చెప్పుకోవాలి. వాళ్ల దృష్టిలో నేను యాజమాన్యం మనిషిని, యాజమాన్యం దృష్టిలో గుమస్తాను. ఈ పదవిని వదులుకోవడమే మేలా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా

జవాబు: ఇప్పుడే వదులుకోకండి. అలాగని ఉన్నది ఉన్నట్టు కొనసాగించడమూ మంచిది కాదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీకు పని అప్పగించారు, ఆ పనికి సంబంధించిన నిర్ణయం మాత్రం ఎప్పటిలాగే కరస్పాండెంట్ గదిలోనే ఉండిపోయింది. తాళంచెవుల గుత్తి చేతికిచ్చి, ప్రతి తలుపు దగ్గరా ఆగి అనుమతి అడగమన్నట్టుంది. మీ ఫాదర్ గారు కావాలని ఇలా చేస్తున్నారని నేను అనుకోను. చాలా పాఠశాలల్లో ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, ఎప్పటినుంచో అలా జరిగిపోతున్నది.

ఉపాధ్యాయుల మాటకు పాలనలో చోటివ్వడం కతోలిక సంప్రదాయంలో లేనిదని, ఈమధ్య ఎక్కడి నుంచో వచ్చిన కొత్త పోకడ అని కొందరు పెద్దలు అంటుంటారు. చరిత్ర అలా చెప్పదు. యేసుసభ (జెస్యూట్) గురువులు, అంటే ఫాదర్లు, 1599లో తమ విద్యాలయాలన్నింటికీ ఒకే విద్యా ప్రణాళికను ఖరారు చేశారు. దానికి ముందు 1586లో ఒక ముసాయిదాను, 1591లో మరొక ముసాయిదాను దేశదేశాల విద్యాలయాలకు పంపి, బోధిస్తున్నవారి అభ్యంతరాలను తెప్పించుకున్నారు. ఆ ప్రణాళికలో విద్యాలయం మొత్తానికి బాధ్యుడైన రెక్టర్ పక్కనే, చదువుల వ్యవహారం చూడటానికి ప్రిఫెక్ట్ అనే మరో అధికారి ఉన్నాడు, ఇద్దరి విధులూ వేర్వేరుగా రాసి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పునీత జాన్ బాప్తిస్ట్ ద లసాల్ స్థాపించిన సహోదరుల (బ్రదర్ల) సంఘం 1706 నాటికి సిద్ధం చేసుకున్న పాఠశాల నిర్వహణ నియమావళి కూడా, తరగతి గదుల్లో తలపండిన సహోదరులు కూర్చుని చర్చించి తయారు చేసుకున్నదే. ఆ లసాల్‌ను 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించారు.

ఇక మన కాలానికి వస్తే, 1965 అక్టోబరు 28న, బిషప్పులు కూర్చున్న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటన, కతోలిక పాఠశాల తన ఆశయాలను నెరవేర్చుకోవడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల మీదే ఆధారపడి ఉందని చెప్పింది. కింది స్థాయిలో చక్కగా జరిగే పనిని పై స్థాయి తన చేతిలోకి లాక్కోకూడదనే సూత్రాన్ని పదకొండవ పయస్ పోపుగారు 1931లోనే సామాజిక వ్యవస్థ గురించి చెప్పగా, 1977లో వాటికన్ విద్యా విభాగం కతోలిక పాఠశాలల మీద ఇచ్చిన పత్రం దాన్ని బడికి అన్వయించి, బోధనలో వృత్తి నైపుణ్యం ఉన్నవారి సామర్థ్యాన్ని అధికారులు గౌరవించాలని పేర్కొంది. 2007లో అదే విభాగం మఠవాసులు ఒక వైపు, ఫాదర్లూ మఠవాసులూ కాని గృహస్థ ఉపాధ్యాయులు మరో వైపు ఉండి ఒకే ధ్యేయాన్ని కలిసి నెరవేర్చడం గురించే ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. వీటిలో ఏదీ కరస్పాండెంట్ అధికారాన్ని తీసివేయదు. ఆ అధికారాన్ని ఎలా వాడాలో మాత్రం చెబుతుంది. మీరు ఫాదర్ గారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మీకు అండగా ఉంటుంది. మీరు అడుగుతున్నది హక్కుల పోరాటం కాదు, ఆయన చదువుకున్న పత్రాల్లో ఉన్నదే.

మన ప్రాంతంలో చిక్కు మరొకటి ఉంది. 1993లో విశాఖపట్నం నుంచి విడివడి శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) ఏర్పడింది. ఇలాంటి మేత్రాసనంలో, పల్లెలు దూరదూరంగా ఉన్న విచారణలో (పారిష్, అంటే ఒక చర్చి పరిధిలో), పాఠశాల కరస్పాండెంట్‌గా ఉండే గురువు చాలాసార్లు విచారణ గురువు కూడా. పూజలు, ఉపకేంద్రాలు, హాస్టలు, కట్టడాలు, కోర్టు కాగితాలు అన్నీ ఆయనవే. రోజంతా పాఠశాలలో ఉండని వ్యక్తి నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు సహజంగానే వరండాలో నిలబడి, అప్పుడే ఎవరో చెప్పిన ఫిర్యాదును బట్టి తీసుకుంటారు. చివరగా వినిపించిన గొంతుదే గెలుపు అవుతుంది. మీరు వేసిన టైమ్‌టేబుల్ మారడానికి మూలం ఫాదర్ గారి స్వభావంలో కంటే ఈ ఏర్పాటులోనే ఎక్కువగా ఉంది. అమెరికాలోని కతోలిక ఉన్నత పాఠశాలలు కొన్ని దీన్ని ప్రెసిడెంట్, ప్రిన్సిపల్ అనే రెండు పదవులతో సర్దుకున్నాయి. నిధులు, భవనాలు, బయటి సంబంధాలు ప్రెసిడెంట్‌వి, చదువులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రిన్సిపల్‌వి. అక్కడ కతోలిక పాఠశాలల సిబ్బందిలో నూటికి తొంభై ఏడుగురికి పైగా ఇప్పుడు గృహస్థులే కాబట్టి అలా సర్దుకోక తప్పలేదు. మన కరస్పాండెంట్, హెచ్.ఎం. జంట దానికి దూరపు చుట్టమే, కాకపోతే సరిహద్దు గీసి లేదు. అక్కడ కూడా సరిహద్దు సరిగా గీయని చోట ఇద్దరూ తగవుపడుతూనే ఉన్నారు.

అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని, మీ చేతిలో ఉన్న పనులన్నింటినీ ఒక కాగితం మీద రాసి, ప్రతి పని ఎదుట చివరి మాట ఎవరిదో రాయమని హెచ్.ఎం. గారినీ ఫాదర్ గారినీ కలిసి కోరడం. కొన్ని పూర్తిగా మీవి కావాలి, వాటిలో ఎవరైనా మార్పు కోరితే మీ దగ్గరికే రావాలి. పీరియడ్ల సర్దుబాటు, యూనిట్ టెస్టుల తేదీలు, ప్రశ్నపత్రాల పరిశీలన ఆ కోవలోకి వస్తాయి. కొన్నింటిలో మీరు ప్రతిపాదిస్తారు, హెచ్.ఎం. ఖాయం చేస్తారు. సబ్జెక్టుల కేటాయింపు, పదో తరగతి ప్రత్యేక క్లాసులు, ఏ ఉపాధ్యాయునికి ఏ శిక్షణ కావాలన్నది ఇలాంటివి. నియామకాలు, ఫీజులు, కట్టడాలు యాజమాన్యానివి, వాటిలో మీ అభిప్రాయం అడిగితే మంచిదే కానీ అడగలేదని బాధపడనక్కర లేదు. ఈ కాగితం ఒక పేజీ దాటితే ఎవరూ చూడరు.

పరీక్షల తేదీలు ఉపాధ్యాయుల చేతిలో ఎందుకు ఉండాలో మీ జిల్లా వారికి వేరే చెప్పక్కర లేదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ల వేడుక. కొత్తగా బదిలీ అయి వచ్చిన గురువు, అందునా వేరే రాష్ట్రం వారైతే, కేలండరు చూసి ఆ సోమవారం యూనిట్ టెస్టు పెట్టడంలో ఆశ్చర్యం లేదు. ఊళ్లో పుట్టి పెరిగిన ఉపాధ్యాయుడు అలా పెట్టడు. పాఠశాల చుట్టూ ఉన్న ఊరిని ఎరిగిన జ్ఞానం ఎక్కువగా ఉపాధ్యాయుల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే గురువులూ సిస్టర్లూ వస్తారు, వెళతారు.

మరొక మాట, కొంచెం మొరటుగా వినిపించినా చెప్పాలి. వారానికి 48 పీరియడ్లు ఉన్న బడిలో 40 పీరియడ్లు పాఠం చెబుతూ కోఆర్డినేటర్ పని కూడా చేయమంటే అది నాయకత్వం కాదు, ఉచిత సేవ. సేవాభావం గొప్పదే, అయితే పీరియడ్లు తగ్గించడం, కొంత గౌరవ వేతనం ఇవ్వడం ఆ సేవను చిన్నబుచ్చవు. బోధన గంటలు తగ్గించకుండా ఇచ్చే పదవిని ఒప్పుకోకపోవడం మీ హక్కు. ఫాదర్ గారు పని పట్టిక ఒప్పుకుని, గంటలు కూడా తగ్గిస్తే కొనసాగండి. ఒక విద్యా సంవత్సరం తరువాత కూడా ఆ కాగితం మీద ఒక్క సంతకం పడకపోతే అప్పుడు మర్యాదగా వదులుకోండి.

తోటి ఉపాధ్యాయుల సంగతి మిగిలింది. మార్పును మీ నోటితో చెప్పకండి. ఎవరు మార్చారో వారి సంతకంతో నోటీసు పుస్తకంలో రాయించండి. మీ మీద పడిన 'యాజమాన్యం మనిషి' అన్న ముద్ర పోవడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు తోచడం లేదు.

ప్రశ్న: ఉద్దానం వైపు ఉన్న ఒక పాఠశాలకు ఈ ఏడాదే ప్రధానోపాధ్యాయినిగా వచ్చిన మఠకన్యను. ఉపాధ్యాయులను నిర్ణయాల్లో కలుపుకోవాలని నాకు నిజంగా ఉంది. కానీ స్టాఫ్ మీటింగులో ఏది అడిగినా "మీరెలా అంటే అలాగే సిస్టర్" అంటారు, బయటికి వెళ్లాక వేరే మాట. పైగా రేపు ఏదైనా జరిగితే డీఈఓ గారు అడిగేది నన్ను, మా మఠం పై అధికారి అయిన ప్రొవిన్షియల్ అడిగేది నన్ను. బాధ్యత నాదైనప్పుడు అధికారాన్ని ఎంతవరకు పంచగలను? పంచకూడనిది ఏది?
– ఒక సిస్టర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సిస్టర్ గారూ, మీ ప్రశ్నలో రెండున్నాయి. ముందు రెండోది చూద్దాం, ఎందుకంటే పంచలేనిది ఏదో ఖాయంగా తెలిస్తే మిగతాది పంచడానికి ధైర్యం వస్తుంది.

ప్రధానోపాధ్యాయ పదవి పాఠశాలకు కీలకమైనదని మన న్యాయస్థానాలు పదే పదే చెప్పాయి. మలంకర సిరియన్ కాథలిక్ కాలేజీ కేసులో 2006లో సుప్రీంకోర్టు, మైనారిటీ విద్యాసంస్థ తనకు నచ్చిన అర్హుని ప్రిన్సిపల్‌గా నియమించుకోవచ్చని, ఎయిడెడ్ సంస్థ అయినా సీనియారిటీ దానికి అడ్డు కాదని తీర్పు చెప్పింది. రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చిన నిర్వహణ హక్కు అక్కడ కేంద్రీకృతమై ఉందని దాని భావం. కాబట్టి జవాబుదారీతనం మీదే, దాన్ని కమిటీకి అప్పగించి తప్పుకోవడం కుదరదు. పిల్లల భద్రత విషయంలో ఇది మరింత కచ్చితం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన, లేదా జరుగుతుందని అనుమానించిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ బాధ్యులు తెలియజేయకపోతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇక్కడ ఒక సంగతి ఉపాధ్యాయులందరికీ మీరే స్వయంగా చెప్పాలి. హెచ్.ఎం.కి చెప్పేశాం కాబట్టి మా పని అయిపోయిందని ఉపాధ్యాయులు అనుకోవడానికి వీల్లేదు, చట్టం ప్రతి వ్యక్తి మీదా ఆ విధిని పెట్టింది. ఉపాధ్యాయులు గానీ, మీరు గానీ, ప్రొవిన్షియల్ గారు గానీ దాచిపెట్టే చోటు ఈ విషయంలో లేదు. అలాగే డబ్బు వ్యవహారాల్లో ఒక్కరి సంతకంతో ఖర్చు నడవకుండా చూసుకోవాలి. ఇది అధికారం పంచడం కంటే మీ పేరును కాపాడుకోవడం.

ఇవి పోగా పంచవలసినవి చాలా ఉన్నాయి. మీ ప్రాంతం సంగతే తీసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. తుపాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం మీరు శ్రీకాకుళంలో మీటింగులో ఉండి, ఫోను కలవకపోతే, బస్సులు ఎప్పుడు బయలుదేరాలి, ఏ ఊరి పిల్లలను ముందు పంపాలి, ఎవరిని ఆపాలి అన్నది అక్కడున్న సీనియర్ ఉపాధ్యాయుడు మీ అనుమతి కోసం చూడకుండా తేల్చగలగాలి. ఆ అధికారం ఆయనకు ఉందని ముందే రాసి ఉంటే ఆయన తేలుస్తారు, లేకపోతే ఫోను పట్టుకుని నిలబడతారు. ఆపద వచ్చినప్పుడు మీరే అక్కడ ఉంటారన్న హామీ లేదు కాబట్టి, ఇలాంటి నిర్ణయాలను ముందే అప్పగించి ఉంచడం మీ బాధ్యతలోని భాగమే. నాయకత్వం ఒక కుర్చీలో ఉండదని, ఒక పనిని కలిసి చేసే మనుషుల మధ్య, ఆ సందర్భంలో పుడుతుందని అమెరికాలోని జేమ్స్ స్పిలేన్ వంటి విద్యావేత్తలు 2000 తరువాత పాఠశాలలను పరిశీలించి వాదించారు. మన తుపాను కాలపు పాఠశాలలు దానికి వేరే నిరూపణ అడగవు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. "మీరెలా అంటే అలాగే" అనడం వెనుక వినయం కొంత ఉండవచ్చు, భయమే ఎక్కువ. ప్రైవేటు పాఠశాలల్లో చాలామంది ఉపాధ్యాయుల ఉద్యోగం ఏడాదికేడాది పొడిగింపు మీద నడుస్తుంది. గతంలో ఎవరో మీటింగులో నోరు తెరిచి, మరుసటి జూన్‌లో కనబడకుండా పోయిన కథ ప్రతి స్టాఫ్ రూములోనూ ఒకటి ఉంటుంది, అది నిజమో కాదో తేల్చే అవసరం ఎవరికీ ఉండదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రైవేటు సంస్థలోని ఉపాధ్యాయుని విచారణ జరపకుండా, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తొలగించకూడదంటుంది. మీటింగులో చెప్పిన అభిప్రాయం ఎవరి ఉద్యోగానికీ ముప్పు కాదని మీరు మాటగా చెబితే సరిపోదు, యాజమాన్యం తరఫున రాసి ఇవ్వండి.

మీటింగు నడిపే తీరు కూడా మార్చండి. విషయాన్ని మూడు రోజుల ముందే కాగితం మీద ఇవ్వండి. సబ్జెక్టుల వారీగా చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోనివ్వండి, గుంపు తరఫున ఒకరు చెబితే ఆ మాట ఏ ఒక్కరిదీ కాదు. అందరికంటే జూనియర్‌ను ముందు మాట్లాడించి, మీరు చివర మాట్లాడండి. సిస్టర్ నోటి నుంచి మొదట ఏది వచ్చినా అదే తీర్మానమైపోతుందని మీకు అనుభవంలో తెలిసే ఉంటుంది. వీటన్నింటికంటే ముఖ్యం, ఏదో ఒక చిన్న నిర్ణయాన్ని, ఉదాహరణకు వార్షికోత్సవం లేదా లైబ్రరీ పుస్తకాల కొనుగోలు, పూర్తిగా వాళ్లకు వదిలి, వాళ్లు తేల్చినది మీకు నచ్చకపోయినా దాన్ని తిరగదోడకుండా ఉండగలగడం. ఒక్కసారి తిరగదోడితే మళ్లీ "మీరెలా అంటే అలాగే" దగ్గరికే వస్తారు, ఈసారి మరింత మర్యాదగా.

ప్రశ్న: మా విచారణ పాఠశాలలో వైస్ ప్రిన్సిపల్‌గా కతోలికురాలు కాని ఉపాధ్యాయినిని నియమించారు. ఆమె మంచి ఉపాధ్యాయిని, కాదనను. కానీ పెద్ద పదవులు ఇలా బయటివారికి వెళితే అది కతోలిక పాఠశాలగా మిగులుతుందా?
– ఒక విచారణ సభ్యుడు, శ్రీకాకుళం

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదే, 'బయటివారు' అన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ఒక పాఠశాల కతోలికమైనదవునా కాదా అన్నది వైస్ ప్రిన్సిపల్ మతం తేల్చదు. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం 803వ సూత్రం ప్రకారం, ఆ పాఠశాలను శ్రీసభ (కతోలిక చర్చి) అధికారులో సభకు చెందిన సంస్థో నడపాలి, లేదా సభాధికారి దాన్ని కతోలిక పాఠశాలగా లిఖితపూర్వకంగా గుర్తించాలి. అక్కడి బోధన కతోలిక సిద్ధాంతం మీద నిలవాలి, ఉపాధ్యాయులు సరైన బోధనలోనూ సత్ప్రవర్తనలోనూ మిన్నగా ఉండాలి. మఠవాసుల పాఠశాలలతో సహా అన్నింటినీ పర్యవేక్షించే, సందర్శించే హక్కు 806వ సూత్రం పీఠాధిపతికి (బిషప్‌కు) ఇచ్చింది. పాఠశాల కతోలిక స్వభావాన్ని కాపాడే ఏర్పాటు ఇలా పైస్థాయిలో గట్టిగానే ఉంది.

క్రైస్తవులు చాలా తక్కువగా ఉన్న మన జిల్లాల్లో కతోలిక ఉపాధ్యాయులతోనే అన్ని బాధ్యతలూ నింపాలంటే సగం పాఠశాలలు మూతపడతాయి. అయితే తేడా చూడవలసిన చోటు ఒకటుంది. కతోలిక పిల్లలకు చెప్పే సత్యోపదేశం, ప్రార్థనా కార్యక్రమాలు, మతబోధన చేసే ఉపాధ్యాయుల ఎంపిక విశ్వాసులైనవారి చేతిలోనే ఉండాలి, మతబోధకుల విషయంలో 805వ సూత్రం పీఠాధిపతి ఆమోదాన్ని కూడా కోరుతుంది. చదువులు, పరీక్షలు, క్రమశిక్షణ, ఆటలు, తల్లిదండ్రులతో సంబంధాలు సమర్థులైన ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు. 2022లో వాటికన్ కతోలిక పాఠశాలల గుర్తింపు మీద ఇచ్చిన ఆదేశపత్రం కూడా, ఆ గుర్తింపును కాపాడటం ఏ కొందరి పనో కాదని, పాఠశాల సమాజమంతా దాన్ని ఎరిగి గౌరవించాలని అంటుంది. పదవి ఇచ్చేముందు ఆ ఉపాధ్యాయినితో కూర్చుని, పాఠశాల ఆశయాలేమిటో, ఆమె నుంచి ఏ మేరకు సహకారం ఆశిస్తున్నారో విడమరచి చెప్పారా అన్నది మీరు యాజమాన్యాన్ని అడగవలసిన ప్రశ్న.

ఇదే సందర్భంలో రెండోవైపు కూడా గుర్తుంచుకోవాలి. రాజ్యాంగంలోని 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనలో పాల్గొనమని ఒత్తిడి చేయరాదంటుంది. ఇతర మతాల విద్యార్థుల మీద క్రైస్తవ ఆచారాలను రుద్దకూడదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా 2024లో తన పాఠశాలలకు సూచించింది. ఆ సున్నితాన్ని పాటించడంలో మీ వైస్ ప్రిన్సిపల్ సలహా పాఠశాలకు మేలే చేస్తుంది.

ప్రశ్న: నాయకత్వం పంచుకోవడమంటే ఉపాధ్యాయులూ ఫాదర్లూ పంచుకుంటే సరిపోతుందా? తల్లిదండ్రులను మాత్రం ఫీజుల మీటింగుకే పిలుస్తున్నారు.
– ఒక విద్యార్థి తండ్రి, చీపురుపల్లి

జవాబు: సరిపోదు. అదే ధర్మశాస్త్రం 796వ సూత్రంలో తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ దగ్గరగా కలిసి పనిచేయాలని, తల్లిదండ్రుల సంఘాలను ఏర్పరచి గౌరవించాలని రాసి ఉంది. ప్రభుత్వ చట్టాన్ని మాత్రం ఇక్కడ నమ్ముకోకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు ఉండాలన్నది నిజమే. 2012 సవరణ మైనారిటీ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఆ కమిటీని సలహాకే పరిమితం చేసింది, 2014లో సుప్రీంకోర్టు ఆ చట్టమే మైనారిటీ పాఠశాలలకు వర్తించదని చెప్పింది. కాబట్టి ధర్మశాస్త్రం మాట పట్టుకుని అడగండి. తరగతికి ఇద్దరు తల్లిదండ్రుల చొప్పున మూడు నెలలకొకసారి ఉపాధ్యాయులతో కూర్చునే ఏర్పాటు చాలు. ఆ సమావేశంలో ఫీజుల మాట ఎత్తకూడదన్న షరతు పెట్టుకుంటే మరీ మంచిది.

ప్రశ్న: నేను ప్రధానోపాధ్యాయునిగా ఉన్నప్పుడు అప్పటి కరస్పాండెంట్ గారి ప్రోత్సాహంతో ఉపాధ్యాయుల సలహా మండలిని ఏర్పాటు చేశాం. చక్కగా నడిచింది. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారు ఒక్క మీటింగు కూడా పిలవలేదు. మనిషి మారగానే మాయమయ్యే ఏర్పాటుకు ఇంత శ్రమ అవసరమా?
– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, రాజాం

జవాబు: మీ మండలి మాయమవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. అది ఒక మంచి గురువు ప్రోత్సాహంతో పుట్టింది, ఆయన సంతకంతో కాదు. గురువుల, సిస్టర్ల బదిలీలు వేసవిలో జరుగుతాయి, పాఠశాల జూన్‌లో తెరుచుకుంటుంది. వచ్చినవారికి ఆ కొద్ది రోజుల్లో అందేది భవనం, బ్యాంకు పాసుబుక్కు, ఫీజు బకాయిల జాబితా. మండలి ఒకటి ఉందని వారికి చెప్పేవారుండరు, చెప్పినా అది వెనకటివారి ఇష్టాయిష్టాలలో ఒకటిగా కనబడుతుంది. కొత్తగా వచ్చినవారిని తప్పుపట్టే ముందు, పాతవారు ఏమి రాసి వెళ్లారో చూడాలి. చాలాసార్లు ఏమీ రాసి వెళ్లరు.

శ్రమ అవసరమే, కానీ దాన్ని వేరేచోట పెట్టాలి. పాఠశాల నడిపే సంఘం లేదా మఠం నియమావళిలోనే మండలి ఉండాలి: ఎవరెవరు సభ్యులు, ఏడాదికి ఎన్నిసార్లు కూర్చోవాలి, ఏ విషయాలు దాని ముందుకు తప్పక రావాలి, మండలి సలహాను కరస్పాండెంట్ కాదంటే కారణం మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఈ చివరిదే అసలైనది. కాదనే హక్కు కరస్పాండెంట్‌కు ఉంటుంది, దాన్ని ఎవరూ లాక్కోనక్కర లేదు. అయితే కారణం రాయవలసి వచ్చినప్పుడు సగం కాదనడాలు వాటంతటవే తగ్గుతాయి. ఒక్క పాఠశాల మాత్రమే ఇలా చేస్తే అది నిలవడం కష్టం. మేత్రాసనంలోని పాఠశాలలన్నింటికీ ఒకే నమూనా ఉండి, పీఠాధిపతి తరఫున సందర్శనకు వచ్చే విద్యాధికారి బడి లెక్కలతో పాటు ఆ మినిట్స్ పుస్తకాన్ని కూడా అడిగితే, ఎవరు బదిలీ అయినా మండలి కూర్చోక తప్పదు. మఠవాసుల పాఠశాలల్లో ఆ పని ప్రొవిన్షియల్ సందర్శనలో జరగాలి.

మీరు పదవీ విరమణ చేసినవారు కాబట్టి ఒక సాయం చేయగలరు. మీ కాలపు మండలి మినిట్స్ పుస్తకం ఎక్కడో బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని వెతికించి, అప్పుడు మండలి తీసుకున్న నిర్ణయాల్లో ఏవి పాఠశాలకు పనికివచ్చాయో, ఏవి వికటించాయో రెండు పేజీలు రాసి, ప్రస్తుత కరస్పాండెంట్ గారిని స్వయంగా కలిసి ఇవ్వండి. వికటించినవి తప్పక రాయండి, లేకపోతే అది పాత రోజుల పొగడ్తగా కనబడి పక్కకు పోతుంది. ఇప్పుడు పనిచేస్తున్న సీనియర్ ఉపాధ్యాయులు ఇద్దరిని వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే ఆ పుస్తకాన్ని మళ్లీ తెరవవలసినవారు వాళ్లే. వెళ్లడం మాత్రం ఏప్రిల్‌లోపు పెట్టుకోండి, మే వస్తే ఫాదర్ గారి బదిలీ ఉత్తర్వు మీకంటే ముందు వచ్చినా రావచ్చు.